కార్బొరేటర్ విప్పే ముందు

ఆదోనిలో పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తేసరికి ముందర ఒక పాత ఓమ్నీ నిలబడి ఉందంటే, డ్రైవరు ఏమంటాడో నాకు దాదాపు తెలుసు. “అన్నా, బండి మిస్సింగ్ కొడుతోంది. పికప్ లేదు. కార్బొరేటర్ కడిగి ఇయ్యి, తొమ్మిదికల్లా ఎమ్మిగనూరులో ఉండాల.” ఆ కార్బొరేటర్‌ను ఆ నెలలోనే ఎవరో రెండుసార్లు కడిగి ఉంటారు. జెట్లు ఊది, స్క్రూ పావు తిప్పు అటూ ఇటూ తిప్పి, డబ్బులు తీసుకుని ఉంటారు. రెండు రోజులు కాస్త బాగా నడిచి బండి మళ్లీ మొదటికే వచ్చి ఉంటుంది. నేను సీటు ఎత్తుతాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రోటర్ లాగి, పాయింట్ల మధ్య టార్చి వేసి చూస్తాను. ఒక ముక్క మీద గుంట, దానికెదురు ముక్క మీద చిన్న గుట్ట. కార్బొరేటర్ తప్పేమీ లేదు.

నాకు పని నేర్పిన ఉస్తాద్ ఈ ఒక్క విషయంలోనే గట్టిగా కేకలేసేవాడు. “ముందు కరెంటు సూడురా, పెట్రోలు యాడికీ పోదు.” పాతికేళ్లు దాటాక కూడా నేను చెప్పగలిగింది దాదాపు అదే. పాత పెట్రోలు బండికి ఏ జబ్బు వచ్చినా ముందు కరెంటు చూడండి, అంటే కాయిల్, పాయింట్లు, కండెన్సర్, మూత, వైర్లు, ప్లగ్గులు. ఇవన్నీ బాగున్నాయని కంటితో చూశాకే కార్బొరేటర్ మీద చెయ్యి వేయండి.

కడిగిన తర్వాత రెండు రోజులు బండి ఎందుకు బాగుంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మోసపోయేది అక్కడే. కార్బొరేటర్ కడిగే రోజు ప్లగ్గులు కూడా విప్పి తుడుస్తారు. మసి పోయిన ప్లగ్గుకు బలహీనమైన కరెంటు కూడా కొన్నాళ్లు సరిపోతుంది. డ్రైవరేమో కార్బొరేటర్ వల్లే బాగైందనుకుంటాడు. ఆ లెక్కన అసలు లోపం అలాగే ఉండిపోతుంది, జేబులోంచి మాత్రం నెలనెలా డబ్బు పోతుంది.

ఈ మాటలు మారుతి 800, ఓమ్నీ, పెట్రోలు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడుపుకుని బతికేవాళ్ల కోసం, ఆ బండ్ల పని నేర్చుకుంటున్న పిల్లల కోసం. డీజిల్ జీపులకూ, ట్రాక్స్‌లకూ, డీజిల్ అంబాసిడర్లకూ ఇవి వర్తించవు. వాటికి ఈ ప్లగ్గులే ఉండవు, గాలిని గట్టిగా నొక్కిన వేడికే డీజిల్ అంటుకుంటుంది.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మేలో అంబాసిడర్ ఆగింది. ఓమ్నీ 2019 దాకా వచ్చింది. అయినా మన పడమటి కర్నూలులో ఇవి ఇంకా రోజూ కూలికి పోతూనే ఉన్నాయి. ఎమ్మిగనూరు నుంచి బట్టల మూటలు, ఆదోని యార్డు చుట్టుపక్కల షాపులకు సరుకు, బడిపిల్లలు, స్టేషన్ నుంచి మంత్రాలయం భక్తులు, శ్రావణమాసం వస్తే ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి పోయే కుటుంబాలు, అన్నీ వీటి మీదే. కొత్త బండికి కంతు కట్టలేని మనిషికి ఈ పాత బండే ఉద్యోగం. అది ఒక రోజు ఆగితే ఆ రోజు కూలి పోతుంది, సగం దారిలో ఆగితే బాడుగ కట్టిన మనిషి మళ్లీ పిలవడు.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి మనసులో బొమ్మ కట్టుకుంటే తక్కినదంతా తేలిక. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. దానితో ప్లగ్గు దగ్గర నిప్పు పుట్టదు. కాయిల్ దాన్ని వేల వోల్టులకు, అవసరమైతే 20 వేల దాకా పెంచుతుంది. అయితే కాయిల్ ఊరికే పెంచదు. దాని గుండా పోయే కరెంటును ఒక్కసారిగా తెంచాలి. తెగిన ఆ క్షణంలోనే పెద్ద వోల్టేజీ పుడుతుంది. ఆ తెంచే పని పాయింట్లది. తెగేటప్పుడు పాయింట్ల మధ్యనే నిప్పు రాకుండా ఆపి, తెగడం చురుగ్గా జరిగేలా చూసేది కండెన్సర్. పుట్టిన కరెంటును ఏ సిలిండరుకు ఎప్పుడు పంపాలో చూసేవి రోటర్, మూత. 1910 ప్రాంతంలో అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు క్యాడిలాక్ కార్ల కోసం తయారుచేసిన పద్ధతి ఇది. మన పద్మినిలో ఉన్నదీ అదే.

పాయింట్ల మీద ఎంత భారం పడుతుందో లెక్క వేసి చూడండి. మూడు సిలిండర్ల మారుతి ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే పాయింట్లు నిమిషానికి 4,500 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు, ముప్పావు గంట ప్రయాణం అనుకుందాం. ఒక్క ట్రిప్పుకే రెండు లక్షల సార్లు. పోయి రావడానికి నాలుగు లక్షలు. వేలి గోరంత కూడా లేని రెండు లోహపు ముక్కలు ఆ దెబ్బలన్నీ తింటున్నాయి. అందుకే మిగతా అన్నిటికంటే ఎక్కువసేపు వాటి దగ్గరే నిలబడి మాట్లాడతాను.

పాయింట్లు అరిగే తీరు రెండు రకాలు. ఒకటి, కరెంటు నిప్పుకు లోహం ఒక వైపు నుంచి రెండో వైపుకు చేరి గుంట, గుట్ట ఏర్పడటం. రెండోది, క్యామ్ మీద రుద్దుకునే ఫైబర్ మడమ అరిగిపోవడం. మడమ అరిగితే గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, కాబట్టి టైమింగ్ కూడా వెనక్కి పోతుంది. బండి బరువుగా లాగుతుంది, వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఈ మార్పు ఒక్కరోజులో రాదు కాబట్టి డ్రైవరుకు తెలియదు. ఆస్పరి వైపు ఎత్తులో ఒకప్పుడు మూడో గేరులో పోయిన బండి ఇప్పుడు రెండో గేరు అడుగుతోందంటే అది పాయింట్లు చెప్పే మాటే కావచ్చు.

గ్యాప్ పెట్టే పద్ధతి ఇది. బండిని నాలుగో గేరులో వేసి మెల్లగా తోయండి, లేదా ప్లగ్గులు విప్పి ఇంజన్‌ను చేత్తో తిప్పండి. మడమ క్యామ్ మొనమీదకు వచ్చి, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నచోట ఆపండి. అక్కడ ఫీలర్ గేజ్ ఆకు పెట్టి చూడాలి. మారుతి 800, ఓమ్నీలకు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు. లూకాస్ డిస్ట్రిబ్యూటర్ ఉన్న అంబాసిడర్‌కు 0.35 నుంచి 0.40. ఆకు లోపలికి జారేటప్పుడు కొత్త నోటు రెండు వేళ్ల మధ్య జారినట్టు చిన్న పట్టు తగలాలి. గుంట, గుట్ట ఉన్న పాయింట్లకు ఈ కొలత పనికిరాదు. ఆకు గుట్ట మీద తగులుతుంది, అసలు గ్యాప్ దానికంటే ఎక్కువ ఉంటుంది. అలాంటి సెట్టును రుద్ది వాడటం కంటే మార్చడం మేలు.

కొంచెం మాత్రమే నల్లబడి ఉంటే పాయింట్ ఆకురాయితో రెండు గీతలు చాలు. నల్ల ఎమరీ కాగితం వద్దు, దాని పలుకులు లోహంలో ఇరుక్కుని మళ్లీ కాలుస్తాయి. ఆ తర్వాత పాత పెళ్లిపత్రికలోంచి సన్నటి పట్టీ కత్తిరించి, పాయింట్లు మూసి ఉన్నప్పుడు మధ్యలో పెట్టి లాగండి. పట్టీ మీద నల్లటి గీత పడుతుంది. మళ్లీ శుభ్రమైన భాగంతో లాగండి. గీత పడటం ఆగేదాకా లాగండి. చాలామంది ఇది చేయరు. జిడ్డుగా ఉన్న ఫీలర్ గేజ్ పెట్టి, ఆ నూనె తడితోనే మూత బిగించేస్తారు. ఆ నూనె కాలి నాలుగు రోజుల్లో కొత్త పాయింట్లు నల్లబడతాయి. క్యామ్ మీద గ్రీజు మాత్రం జొన్నగింజంత పెట్టాలి. పెట్టకపోతే మడమ వారంలోనే అరుగుతుంది, ఎక్కువ పెడితే ఎగిరి పాయింట్ల మీద పడుతుంది.

కొత్త పాయింట్లు వేసిన నెలకే కాలిపోయాయంటే మళ్లీ పాయింట్లు కొనకండి. కండెన్సర్ మార్చండి. పాయింట్ సెట్టుతో పాటు కండెన్సర్ కూడా మార్చేయడం నా అలవాటు. ధరలో పెద్ద తేడా రాదు, పైగా అది ఎప్పుడు పోతుందో చూపుకు తెలియదు.

దీన్ని నేను కష్టపడి నేర్చుకున్నాను. షెడ్డులో చేరిన రెండో ఏడు, ఎండాకాలం. నేనూ మా షెడ్డు అన్న ఒకరూ ఒక మారుతి 800 తీసుకుని ఎమ్మిగనూరు పోయి వస్తున్నాం. కోటేకల్ దాటాక బండి ఒక్కసారిగా ఆగింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోదు. మధ్యాహ్నం రెండు, చెట్టు నీడ లేదు. ఎండకు పెట్రోలు ఆవిరై పైపులో గాలి పట్టిందనుకున్నాం. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేశాం, పైపు విప్పి ఊదాం. అరగంటకు బండి దానంతట అదే అందుకుంది. వచ్చి ఉస్తాద్‌కు చెప్పి, పెట్రోలు పంపు మార్చాం. మూడు రోజులకు ఆ బండి ఓనరు మళ్లీ అదే దారిలో ఇంటివాళ్లతో ఇరుక్కున్నాడు. చివరికి కండెన్సర్ దగ్గర తేలింది. వేడెక్కితే పనిచేయడం మానేది, చల్లారితే మళ్లీ పనిచేసేది. ఆగిన ఆ నిమిషంలోనే ఒక ప్లగ్గు విప్పి కరెంటు చూసి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. అరగంట ఆగి చూస్తే ఏమీ తెలియదు, అప్పటికి అది చల్లారిపోయి ఉంటుంది. ఆ ఓనరు మా మీద నమ్మకంతో భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని పోయాడు. అది ఇప్పటికీ నాకు గుర్తుంది.

కాబట్టి వేడికి ఆగే బండి ఆగిన చోటే చూడాలి. ప్లగ్గు వైరు ఊడదీసి, దానికి విడి ప్లగ్గు ఒకటి తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ లోహానికి ఆనించి, రబ్బరు పిడి పటకారుతో పట్టుకుని, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా, చిటుక్కుమని చప్పుడుతో వచ్చేది మంచి కరెంటు. పసుపుపచ్చగా, చప్పుడు లేకుండా వచ్చేది బలహీనం. అసలు రాకపోతే లోపం కరెంటులోనే. పెట్రోలు కారుతున్నా, గ్యాసు వాసన వస్తున్నా ఈ పరీక్ష చేయకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గర ఉండకూడదు.

కాయిల్ కూడా వేడికి ఇలాగే ఆగుతుంది. ఆగిన బండి కాయిల్ మీద, మొనలకు నీళ్లు తగలకుండా, తడిగుడ్డ చుట్టి అయిదు నిమిషాలు ఉంచితే అందుకుందంటే కాయిల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. కాయిల్‌ను మనమే చంపుకునే పద్ధతి ఒకటుంది. ఇంజన్ ఆపి, పాటల కోసమో ఫ్యాను కోసమో తాళం చెవి ఆన్‌లోనే వదిలేయడం. ఆ సమయానికి పాయింట్లు మూసి ఉంటే కాయిల్ గుండా కరెంటు ఆగకుండా పోతూ అది ఉడికిపోతుంది. మంత్రాలయంలో భక్తులు దర్శనం చేసుకొచ్చే రెండు గంటలు పాటలు వింటూ పడుకునే డ్రైవర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక డిస్ట్రిబ్యూటర్ మూత. మన దగ్గర దీన్ని పాడుచేసేది ఎక్కువగా దుమ్ము. నల్లరేగడి నేల ఎండాక లేచే ధూళి పిండిలా మెత్తగా ఉంటుంది, ఎక్కడికైనా దూరుతుంది. పత్తి సీజనులో యార్డు చుట్టూ, జిన్నింగ్ మిల్లుల దారిలో తిరిగే బండ్లకు దూది నూగు తోడవుతుంది. ఓమ్నీకి ఇంజన్ సీటు కింద, నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కింద నుంచి లేచిందంతా నేరుగా దాని మీదికే వస్తుంది. పొడిగా ఉన్నన్నాళ్లు ఆ దుమ్ము మౌనంగా ఉంటుంది. తొలకరి చినుకు పడి తడి తగలగానే కరెంటుకు దారి అవుతుంది. పొద్దున వానకు బండ్లన్నీ ఒకేసారి మొరాయించడానికి కారణం అదే.

మూతను పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్లగీత ఒక మొన నుంచి ఇంకో మొనకు పోతున్నట్టు కనిపిస్తే, కరెంటు అటే పారుతోందని అర్థం. గీకితే పోదు, మూత మార్చాల్సిందే. మధ్యలో స్ప్రింగు మీద ఉండే కార్బన్ ముక్కను వేలితో నొక్కండి, లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. మొనల మీద తెల్లటి పొడి ఉంటే గీకొచ్చు, గుంటలు పడి ఉంటే మార్చాలి. రోటర్ అడుగున కాలిన రంధ్రం ఉందేమో చూడండి. పెట్రోలుతో మాత్రం తుడవకండి. ఆవిరి మూతలో చిక్కుకుని ఉండగా సెల్ఫ్ కొడితే మూత పగిలేలా మండుతుంది.

మూత కింద ఇంకొక చిన్న దొంగ ఉంటుంది. పాయింట్లు బిగించిన పళ్లేనికి ఎర్త్ ఇచ్చే సన్నటి అల్లిక వైరు. కార్బొరేటర్ నుంచి వచ్చే గొట్టం ద్వారా వాక్యూమ్ లాగినప్పుడల్లా పళ్లెం కొంచెం తిరుగుతుంది, దాంతో వైరు వంగుతూ లేస్తూ లోపల పోగులు తెగుతాయి. ఐడిలింగ్‌లో బండి చక్కగా ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కగానే చచ్చిపోతుంది. ఇది కార్బొరేటర్ అని ప్రమాణం చేసి చెప్పేవాళ్లను ఎందరినో చూశాను. వైరును వేలితో అటూ ఇటూ కదిపి చూస్తే తెలిసిపోతుంది. వాక్యూమ్ గొట్టం కార్బొరేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చండి. పళ్లెం కదిలి, నాలుక అడ్డుపెట్టినంతసేపు అక్కడే నిలవాలి. నిలవకపోతే వాక్యూమ్ డబ్బా లోపలి పొర చిరిగింది.

ప్లగ్గు వైర్లను చూడటానికి రాత్రి మంచిది. వెలుతురు లేనిచోట బండి స్టార్ట్ చేసి, సీటో బానెట్టో ఎత్తి చూడండి. ఎక్కడైనా నీలిరవ్వలు పాకుతుంటే ఆ వైరు పైతోలు చెడింది. చెయ్యి పెట్టొద్దు. వైరు తీసేటప్పుడు వైరును పట్టి లాగకూడదు, మూతి దగ్గర రబ్బరు పట్టుకుని మెలితిప్పి తీయాలి. కార్బన్ తీగ ఉన్న వైరును ఒకసారి లాగితే లోపల తెగి, పైకి బాగానే కనిపిస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు క్రమం తప్పకూడదు. మూడు సిలిండర్ల మారుతికి 1-3-2. అంబాసిడర్‌కు, పద్మినికి 1-3-4-2. ఒక్కో వైరూ తీసి పెట్టి, తర్వాతే ఇంకోదాన్ని ముట్టుకుంటే క్రమం గుర్తుపెట్టుకునే పనే లేదు.

ప్లగ్గు విప్పితే ఇంజన్ కథ చెబుతుంది. లేత ఇటుకరంగు, బూడిద కలిసిన రంగు ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ వస్తోంది, లేదా కరెంటు చాలడం లేదు. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే లోపలికి ఆయిల్ వస్తోంది, అది రింగుల పనో వాల్వ్ సీళ్ల పనో. పాలిపోయి, కొన మీద పొక్కులుంటే వేడి ఎక్కువవుతోంది. పత్తి సీజనులో మూడు ప్లగ్గులూ ఒకేలా మసిబారి వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ తెరవండి. నూగు దట్టంగా పట్టి కంబళిలా ఉంటుంది. గాలి అందక పెట్రోలు ఎక్కువై మసి వచ్చింది, ఫిల్టర్ మార్చితే ప్లగ్గులు బాగుపడతాయి. మూడింటిలో ఒక్కటే మసిగా ఉంటే ఆ ఒక్క వైరు, ఆ ఒక్క సిలిండర్ చూడాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం ఖర్చు మిగులుతుంది.

ప్లగ్గు గ్యాప్ మారుతికి 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, పాయింట్ల అంబాసిడర్‌కు 0.6 పైచిలుకు. ఎల్పీజీ మీద నడిచే బండికి గ్యాప్ 0.1 తగ్గించి పెట్టడం మంచిది, గ్యాసును అంటించడానికి కరెంటు ఎక్కువ కావాలి. గ్యాసు బండిలో ఇగ్నిషన్‌ను నిర్లక్ష్యం చేస్తే బ్యాక్‌ఫైర్ కొట్టి ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగులుతుంది. ఇంటి వంట సిలిండరును బండిలో పెట్టుకుని నడిపేవాళ్లకు నేను పని చేయను. అది నేరం, అంతకుమించి బడిపిల్లల ప్రాణాలు అందులో ఉన్నాయి.

మారుతి హెడ్డు అల్యూమినియంది. ఇంజన్ చల్లారాకే ప్లగ్గు విప్పాలి, విప్పే ముందు గుంటలోని దుమ్మును ఊదేయాలి. లేకపోతే ఆ ఇసుక సిలిండర్‌లో పడుతుంది. బిగించేటప్పుడు మొదటి మరలన్నీ చేతివేళ్లతోనే. కొత్త ప్లగ్గు వాషరు ఆనాక పానాతో అర తిప్పు, పాత ప్లగ్గయితే కొద్దిగా బిగిస్తే చాలు. మరలు చెడగొట్టుకుంటే హెడ్డు దించి మర వేయించాలి. మామూలు ప్లగ్గులను 5,000 కిలోమీటర్లకు ఒకసారి చూసి, 15,000 దాటాక మార్చేయండి. ఇసుక మిషన్లో కొట్టించి మళ్లీ వాడటం నాకు ఇష్టం లేదు, పింగాణీ సందులో ఇసుక పలుకులు ఉండిపోతాయి.

టైమింగ్ ఎప్పుడూ చివరి పని. పాయింట్ల గ్యాప్ పెట్టకముందు టైమింగ్ సరిచేస్తే, గ్యాప్ మార్చగానే అది మళ్లీ తప్పుతుంది. టైమింగ్ లైటు లేకపోతే 12 వోల్టుల బల్బు ఒకటి చాలు. ఒక వైరు కాయిల్‌కు డిస్ట్రిబ్యూటర్ వైపున్న మొనకు, ఇంకొకటి ఎర్త్‌కు. తాళం ఆన్ చేసి ఇంజన్‌ను కంపెనీ పుస్తకం చెప్పిన మార్కుకు తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ ఒంటిని మెల్లగా తిప్పండి. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో బల్బు వెలుగుతుంది. అక్కడ బిగించండి. రోటర్ తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకు వస్తుంది, అదే దిక్కుకు తిప్పితే వెనక్కి పోతుంది. తర్వాత రోడ్డు మీద, లోడుతో, పై గేరులో తొక్కి చూడండి. చిల్లర గలగల్లాడినట్టు ఇంజన్ కొట్టుకుంటే కొంచెం వెనక్కి తేవాలి.

మూత తీసి చూస్తే పాయింట్లే లేకపోతే మీది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండి. మూత, రోటర్, వైర్లు, ప్లగ్గుల గురించి పైన చెప్పిందంతా దానికీ సరిపోతుంది. అయితే ఇంజన్ నడుస్తుండగా వైరు ఊడదీసి గాలిలో వదలకండి, లోపలి ఇగ్నైటర్ కాలిపోతుంది, దాని ఖరీదు ఎన్నో పాయింట్ సెట్లకు సమానం. బండి ఆపి, వైరుకు విడి ప్లగ్గు తగిలించి ఎర్త్ చేసి, అప్పుడు స్టార్ట్ చేయండి.

ఎప్పుడు చూడాలి అంటే, మన దగ్గర కిలోమీటర్ల కంటే కాలాల లెక్క బాగా కుదురుతుంది. ఉగాది కాగానే, ఎండలు ముదరకముందే కాయిల్, కండెన్సర్. ఆషాఢంలో, శ్రావణం బాడుగలు మొదలయ్యేలోపు మూత, రోటర్, వైర్లు, ప్లగ్గులు, అన్నీ. దీపావళి దాటి పత్తి దిగే రోజుల్లో ఎయిర్ ఫిల్టర్, పాయింట్లు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. మిస్సింగ్ కొట్టే బండి కాలని పెట్రోలును పొగగొట్టంలోంచి వదులుతుంది, పరీక్షలో అది హైడ్రోకార్బన్ల అంకెగా బయటపడుతుంది. ఆ రోజుకు ముందు వారం ప్లగ్గులు, పాయింట్లు చూసుకుంటే రెండోసారి తిరగాల్సిన పని తప్పుతుంది.

సామాను విషయంలో జాగ్రత్త కావాలి. పెద్దవాళ్లు ఇప్పటికీ షాపులో ‘మైకో ప్లగ్గు’ అనే అడుగుతారు. ఆ కంపెనీ పేరు 2008లోనే బాష్ అయింది. మైకో పేరుతో కొత్త మెరుపు డబ్బా ఇప్పుడు మీ చేతికి వస్తే ఒకటికి రెండుసార్లు చూడండి. నకిలీ ప్లగ్గు మరలు గరుకుగా ఉంటాయి, అక్షరాలు గోటితో గీకితే చెరిగిపోతాయి, పక్క కొన నడిమి కొనకు సరిగ్గా ఎదురుగా ఉండదు. నకిలీ పాయింట్లలో స్ప్రింగు మెత్తగా ఉంటుంది, స్పీడు పెరిగితే అది మూసుకోలేక మిస్సింగ్ కొడుతుంది. పాత సామాను బాగానే పనిచేస్తుంటే మార్చిన తర్వాత కూడా పారేయకండి.

పని నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మాట. స్కానర్ పెడితే లోపం చెప్పే బండ్లు ఇప్పుడు ఎక్కువ, ఆ పని నేర్చుకోవాలి. కానీ పాయింట్లు తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. చెవితో మిస్సింగ్ పట్టి, ఫీలర్ గేజ్‌తో సరిచేసే కుర్రాడి దగ్గరికి పాత బండ్లవాళ్లు ఎంత దూరమైనా వస్తారు. ఎమ్మిగనూరులో మగ్గం మీద పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి, తెగిన పోగు దొరికేదాకా వెతికి ముడి వేస్తాడు, పక్క పోగును ముట్టుకోడు. పాయింట్లు, కండెన్సర్ జత తప్ప, మనం కూడా ఒకసారికి ఒకటే మార్చి, నడిపి చూడాలి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పోయిందో మనకూ తెలియదు, డ్రైవరు నాలుగింటి డబ్బూ కట్టాలి. మార్చిన పాత ముక్కను డ్రైవరు చేతిలో పెట్టి, ఎక్కడ చెడిందో చూపించండి. బండి నంబరు, తేదీ, ఏం మార్చాం, గ్యాప్ ఎంత పెట్టాం, ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మా షెడ్డులో అలాంటి పుస్తకాలు పదకొండు ఉన్నాయి.

డ్రైవర్లు సీటు కింద ఒక రేకు డబ్బా పెట్టుకోవాలి. అందులో మీ బండిలో పనిచేస్తుండగానే తీసి దాచిన పాత పాయింట్ సెట్, కండెన్సర్, రోటర్, ఒక విడి ప్లగ్గు, అన్నిటికంటే పొడుగైన ప్లగ్గు వైరు ఒకటి, ప్లగ్గు పానా, చిన్న స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్, ఒక పొడిగుడ్డ, పెళ్లిపత్రిక ముక్క. కోటేకల్ దగ్గర రాత్రి తొమ్మిదికి ఆగినా ఈ డబ్బాతో ఎమ్మిగనూరు చేరొచ్చు. టార్చి మాత్రం వేరుగా, చేతికందేచోట పెట్టుకోండి. సెల్‌ఫోను పళ్లతో పట్టుకుని పాయింట్లు బిగించడం కష్టం.